తాసిల్దారు గారు లైన్లో ఉన్నారు

ఉప్పాడ ఒడ్డున ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడి ఉన్నాను, నా ముందు భూషణం గారు నిలబడి ఉన్నారు, ఆయన పోయి నెల దాటిందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసని చొక్కా జేబు చెబుతోంది, జేబులో పెన్ను లేదు, పెన్ను లేకుండా ఆయన్ని నేను చూసింది ఆస్పత్రి మంచం మీద మాత్రమే. బూత్ ఇసుకలో దిగబడి ఉంది. అల వచ్చి గుమ్మాన్ని తాకి వెనక్కి పోతోంది, పోయినప్పుడల్లా బూత్ కొంచెం జరుగుతోంది, దానితో పాటు వరస కూడా జరుగుతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు. లోపల ఎవరో ఫోన్లో వార్త చదువుతున్నారు. ఆ గొంతు భూషణం గారిదే. ఆయన బయట నా ముందే ఉన్నారు కదా అన్న ప్రశ్న నాకు రావడం లేదు, నా చెవి వార్త మీదే ఉంది, ఆయన చదివే దాంట్లో మా పేపరుకు తప్పిపోయింది ఏదైనా ఉందేమోనని వినడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలవాటు.

"ఏవండీ కస్తూరి గారూ, నా చావు వార్త మీరే రాశారంట," అంటారు ఆయన వెనక్కి తిరగకుండానే.

"నేనే రాశాను."

"మీ పేపర్లో నా పేరు రావడం అదే మొదలండి. పోతే గానీ వెయ్యలేదు మీరు."

"మీ పేపర్లో నా పేరు ఇంకా రానేలేదు."

"వస్తదండి. కంగారేముంది."

వరసలో వాళ్లు నవ్వుతారు. వాళ్లెవరో నాకు తెలియదు, అందరి చంకల్లోనూ రెక్సిన్ సంచులు ఉన్నాయి కాబట్టి విలేకరులే అయి ఉంటారు.

కాకినాడలో ఆయన ఒక పేపరుకు, నేను దానికి పోటీ పేపరుకు పనిచేశాం. ఫ్యాక్సులు, కంప్యూటర్లు రాకముందు సాయంత్రం అయ్యేసరికి ఇద్దరం ఒకే బూత్‌కు చేరేవాళ్లం, ముందు ఎవరు వస్తే వాళ్లు లోపలికెళ్లి డెస్కుకు ఫోన్ కలిపి వార్తలు గట్టిగా చదివేవాళ్లు, అవతల సబ్ ఎడిటర్ రాసుకునేవాడు, బయట నిలబడిన వాళ్లకు అద్దం లోంచి అంతా వినిపించేది. అందుకని తన దగ్గర పెద్ద వార్త ఉన్న రోజున భూషణం గారు ముందు పశువైద్య శిబిరం చదివేవారు, తర్వాత వాలీబాల్ పోటీలు, తర్వాత రేపటి కరెంటు కోతలు, నేను విసుగెత్తి టీ కోసం అటు వెళ్లగానే అసలు వార్త చదివేసేవారు, మర్నాడు పొద్దున అది ఆయన పేపర్లో మొదటి పేజీలో ఉండేది, నా ఎడిటర్ నాకు ఫోన్ చేసేవాడు. ఇది నాకు చాలాసార్లు జరిగింది. టీ మానేద్దామని కూడా అనుకున్నాను.

"తాసిల్దారు గారు ఎలా ఉన్నారు?" అని ఇప్పుడు అడుగుతారు ఆయన, ఈసారి వెనక్కి తిరిగి.

తాసిల్దారు అంటే చిలక. మన తోటల్లో తిరిగే రామచిలక కాదు, దాన్ని పంజరంలో పెడితే కేసవుతుంది. ఇది ఆఫ్రికా జాతి చిలక, ఒళ్లంతా బూడిద రంగు, తోక ఎరుపు. రెవెన్యూ శాఖ అధికారి ఒకాయన పెంచుకుని, బదిలీ మీద వెళ్తూ జబ్బు పక్షిని మోసుకెళ్లలేనని భూషణం గారి చేతిలో పెట్టి వెళ్లాడు. ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా మెడ పక్కకు తిప్పి చూస్తుందని ఆయన దానికి ఆ పేరు పెట్టారు, ఆ తర్వాత గారు కూడా చేర్చారు. దాని ఒంట్లో కాల్షియం నిలవదు. నిలవనప్పుడు మూర్ఛ వస్తుంది, కాళ్ల పట్టు జారి పంజరం అడుగున పడి రెక్కలు కొట్టుకుంటుంది, కాసేపటికి ఆగుతుంది. ఇది తగ్గే జబ్బు కాదు, చూసుకునే జబ్బు అని పశువుల డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆయన పోయాక ఆయన మేనల్లుడు కిరీటి పంజరం తెచ్చి నా వరండాలో పెట్టాడు, తాత్కాలికంగా అన్నాడు, నేనూ తాత్కాలికంగానే అన్నాను.

"బాగా లేదు," అంటాను. "మందు చుక్కలు నోట్లో వేస్తే కక్కేస్తోంది. సముద్రపు నురుగు ఇచ్చినా ముట్టుకోవడం లేదు."

సముద్రపు నురుగంటే నురుగు కాదు, సముద్రంలో ఒక జీవి వెన్నులో ఉండే తెల్లటి ఎముక, ఒడ్డుకు కొట్టుకొస్తుంది, మూలికల కొట్లో ఆ పేరుతో అమ్ముతారు, గోరుతో గీకితే పొడి రాలుతుంది. చిలకకు దాన్ని మించిన కాల్షియం లేదు, తనంతట తను కొరికి తింటే మందులు తగ్గించవచ్చు, మూర్ఛలూ తగ్గుతాయి అని డాక్టరమ్మ చెప్పింది. భూషణం గారి ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది రోజూ కొరికింది. నా ఇంటికి వచ్చాక మానేసింది.

"తినకపోవడం ఏంటండి," అంటారు ఆయన. "తాసిల్దార్లు తినకుండా ఉంటారా?"

వరసంతా మళ్లీ నవ్వుతుంది, నాకూ నవ్వు వస్తుంది, ఈ నెలలో నేను నవ్వింది లేదని అప్పుడు గుర్తుకొస్తుంది, గుర్తుకొచ్చిన వెంటనే మా వంతు వస్తుంది.

తలుపు తీసి ఇద్దరం లోపలికి వెళ్తాం. మనిషి నిలబడితే మోచేతులు గోడలకు తగిలే బూత్ అది, కానీ లోపలికి వెళ్లే కొద్దీ వెడల్పవుతోంది, కింద ఇసుక అలాగే ఉంది, ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి, ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్ల, బల్ల మీద మైకు, నీళ్ల సీసా, పేరు రాసిన చెక్క. ప్రెస్ మీట్ అని అర్థమవుతోంది. వరసలో ఉన్నవాళ్లంతా మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు, టీలు అందుతున్నాయి, ఒక్కొక్కరికీ రెండేసి బిస్కెట్లు. బల్ల వెనక కుర్చీ వీపు మీద చిలక కూర్చుని ఉంది. మెడ పక్కకు తిప్పి మమ్మల్ని చూస్తోంది.

భూషణం గారు మొదటి వరసలో కూర్చుంటారు, నాకు పక్క కుర్చీ చూపిస్తారు. బతికి ఉండగా ఆయన ఎన్నడూ నా పక్కన కూర్చోలేదు, నేను రాసుకునేది ఆయనకు కనిపించకూడదని నేనూ ఎన్నడూ కూర్చోలేదు.

"నమస్కారం తాసిల్దారు గారూ," అంటారు ఆయన లేచి. "జిల్లా ప్రజలకు తమరేం చెబుతారు?"

చిలక మైకు దగ్గరికి వంగుతుంది. "హలో," అంటుంది. ఆయన గొంతే, ముక్కుతో పలికే ఆ లకారం కూడా ఆయనదే. "హలో. వినపడుతోందా? రాసుకోండి."

హాలంతా పెన్నులు తీస్తుంది. నేనూ తీస్తాను. చిలక మా అందరి చేతుల వైపు చూసి, వెనక్కి జరిగి, నోరు మూసుకుంటుంది.

"చూశారా?" అంటారు భూషణం గారు నా చెవి దగ్గర. "పెన్ను కనపడితే చెప్పరు. మనం చూసిన తాసిల్దార్లలో పెన్ను చూసి మాట్లాడినాయన ఒక్కడున్నాడేంటండి? ఎజెండా అంతా అయ్యాక, పెన్ను జేబులో పెట్టేసి, మీ అమ్మాయి పెళ్లి కుదిరిందటగా అని అడిగితే, అప్పుడు కదా చెప్పేవారు."

"అది నేనే మీకు నేర్పాను," అంటాను.

"ఊరుకోండి. మీకు నేర్పింది నేను."

ఇది మేం తేల్చుకోవలసిన విషయాల్లో ఒకటి, ఇక్కడ కూడా తేలేలా లేదు. ఇంతలో చిలక కాలు కుర్చీ వీపు మీద జారుతుంది, మెడ వెనక్కి తిరుగుతుంది, ఆకుపచ్చ గుడ్డ మీద పడి రెక్కలు కొట్టుకుంటుంది, నీళ్ల సీసా దొర్లి ఇసుకలో పడుతుంది. నేను లేస్తాను. నా ఇంట్లో ఇది జరిగినప్పుడల్లా నేను చేసేదే చేయబోతాను, పంజరం తలుపు తీసి, చేత్తో పట్టుకుని, ఏమీ కాలేదమ్మా ఏమీ కాలేదు అని గట్టిగా అంటూ ఫోన్ వెతుక్కోవడం. భూషణం గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. ఆయన చెయ్యి వేడిగా ఉంది. లేచి వెళ్లి భుజం మీద తువ్వాలు తీసి మడిచి, చిలక తల తగిలే చోట బల్ల అంచుకు పెడతారు. పైన ఫ్యాను ఆపమని సైగ చేస్తారు. అంతే, ఇంకేమీ చెయ్యరు. వచ్చి కూర్చుంటారు. హాల్లో ఎవరూ మాట్లాడరు, టీ కూడా తాగరు, కరెంటు పోయినప్పుడు మీటింగుల్లో కూర్చున్నట్టు కూర్చుంటారు, వస్తుందని అందరికీ తెలుసు.

రెక్కలు ఆగుతాయి. చిలక కాసేపు అలాగే పడి ఉండి, ఒక కాలు ఆనించి, రెండో కాలు ఆనించి లేస్తుంది. తల దులుపుకుంటుంది. ఎవరి వైపూ చూడకుండా అడుగుతుంది.

"హలో. లైన్లో ఉన్నారా?"

హాల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారే అంటారు. "ఉన్నామండి, చెప్పండి."

చిలక ఈల వేస్తుంది. టీలు మళ్లీ మొదలవుతాయి.

ఆ మాట నా వరండాలో అది ప్రతిసారీ అడిగింది. పడి లేచిన ప్రతిసారీ లైన్లో ఉన్నారా అని అడిగింది, మళ్లీ మళ్లీ అడిగింది, గొంతు పెంచి అడిగింది, చిలక పలుకులు కదా అని నేను అనుకున్నాను. ఫోన్ మధ్యలో కట్ అయ్యి మళ్లీ కలిసినప్పుడు ఆయన డెస్కును అడిగే మొదటి మాట అది, బూత్ బయట నిలబడి ఎన్నిసార్లు విన్నానో, తర్వాత ఇంటి ఫోన్లోనూ అలాగే అడిగేవారు. అవతలి నుంచి ఉన్నానండి అని వస్తే గానీ ఆయన రెండో వాక్యం చదివేవారు కాదు, వినే దిక్కు లేకుండా చదవడం దండగ అనేవారు.

"మీరు దానికి జవాబు చెప్పడం లేదు కదండి," అంటారు భూషణం గారు.

"లేదు."

"మరి అది అన్నం ఎలా తింటదండి? లైను కట్టయిందనుకుంటది."

ఆయన నన్ను తప్పు పట్టడం లేదు. బిస్కెట్ టీలో ముంచి తింటున్నారు. తినడం పూర్తయ్యాక లేచి నడుస్తారు, నేనూ వెంట నడుస్తాను, కుర్చీల వరసలు పల్చబడి, బల్ల వెనకబడి, కాళ్ల కింద ఇసుక తడిగా అవుతుంది, మేం ఉప్పాడ ఒడ్డున నడుస్తున్నాం, కానీ కుడి పక్క సముద్రం ఉండవలసిన చోట నా వరండా గ్రిల్ ఉంది, గ్రిల్‌కు అవతల అలలు ఉన్నాయి. చిలక ఆయన భుజం మీద ఉంది. ఎప్పుడు ఎక్కిందో నేను చూడలేదు.

ఆయన వంగి ఇసుకలోంచి సముద్రపు నురుగు ముక్కలు ఏరుతున్నారు. ప్రతి ఆదివారం ఆయన ఇదే పని మీద ఇక్కడికి వచ్చేవారని నాకు తెలుసు, ఒకసారి జాలరి పేట మీద వార్త కోసం వచ్చారేమోనని అనుమానపడి ఆయన వెనకే వచ్చాను కూడా. ఏరిన ముక్క వాసన చూసి, పనికిరానిది అయితే పారేసి, పనికొచ్చేది అయితే నా రెక్సిన్ సంచిలో వేస్తున్నారు. సంచి బరువెక్కడం లేదు.

"ఒక మాట అడగాలి," అంటాను.

"అడగండి. పెన్ను బయటికి తియ్యకండి."

"జబ్బని తెలిసే తీసుకున్నారు కదా. ఎందుకు తీసుకున్నారు?"

బతికుండగా ఈ మాట అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన ఇంటికి వెళ్లినప్పుడు చిలకను చూసేదాన్ని, టీ తాగేదాన్ని, మున్సిపల్ కౌన్సిల్ సంగతులు మాట్లాడుకుని వచ్చేసేదాన్ని. ఒంటరి మనిషికి కాలక్షేపం అని నేనే సమాధానం చెప్పేసుకున్నాను. విలేకరి అలా చెయ్యకూడదు.

"ఆ అధికారి పంజరం ఇచ్చి కారెక్కాడండి," అంటారు ఆయన. "కారు సందు తిరిగిందో లేదో ఇది ధబీమని పడింది. నా పని అయిపోయింది అనుకున్నాను. పోలీస్ స్టేషనుకు ఫోన్ చెయ్యాలా, పశువుల ఆస్పత్రికి చెయ్యాలా తెలియలేదు. అలా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి లేచింది. లేచి నన్ను ఎగాదిగా చూసి, ఫైలు ఏదయ్యా అంది."

"ఫైలా?"

"ఆయన ఇంట్లో నేర్చుకుందండి. ఫైలు ఏదయ్యా అంది, ఆయన గొంతుతో. పడి లేచిన మనిషి అడిగే మాటేనా అది? నాకు నవ్వు ఆగలేదు. మా ఇంట్లో నేను అంత గట్టిగా నవ్వింది అప్పుడే. పక్కింటావిడ వచ్చి చూసిందండి, ఈయనకేమైందని."

ఆయన నవ్వుతున్నారు, నవ్వుతూ ఇసుకలో కూర్చుంటారు, చిలక కూడా ఆయన నవ్వే నవ్వుతోంది, ఒక్క నవ్వు రెండు చోట్ల నుంచి వస్తోంది, ఏది ఎవరిదో చెప్పలేను.

"దానికి పడటం పెద్ద విషయం కాదండి," అంటారు నవ్వు ఆగాక. "మనకే పెద్ద విషయం. అది లేచి తన పని తను చూసుకుంటది. రోజూ అలాంటి దాన్ని చూస్తూ కాఫీ తాగడం బాగుంటది. అంతకంటే కారణం లేదు. పెద్దది ఏదైనా కావాలంటే మీరు కల్పించుకోండి."

నేను అసలు విషయం చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను, ముందు పశువైద్య శిబిరం, తర్వాత వాలీబాల్ పోటీలు.

"ఈ సాయంత్రం కిరీటి బండి తెస్తానన్నాడు," అంటాను. "యానాం రోడ్డులో ఎవరిదో రిసార్టు ఉంది. గేటు దగ్గర పక్షులు పెడుతున్నారట, మాట్లాడే చిలక కావాలన్నారట. మీ అత్త వయసు దాన్ని, చూసుకోలేనేమో, నీ ఇష్టం అన్నాను. బయల్దేరే ముందు ఫోన్ చేస్తానన్నాడు."

"జబ్బు సంగతి చెప్పాడా వాళ్లకి?"

"చెబితే తీసుకోరని చెప్పలేదట. నన్నూ చెప్పొద్దన్నాడు."

"ఆయ్," అంటారు ఆయన. గోదావరి జిల్లాల వాళ్లు అనే ఆయ్‌లో చాలా రకాలున్నాయి. ఇది వినపడింది అని మాత్రమే చెప్పే రకం.

"గేటు దగ్గర పడితే చూసేవాళ్లు ఎవరుంటారు అని నాకూ ఉంది," అంటాను. "కానీ నా దగ్గర ఉంటే తినడం లేదు. తినకపోతే మూర్ఛలు పెరుగుతాయి. పోయిన వారం వచ్చినవి మీ ఇంట్లో రానన్ని. నేను పొద్దున్నే పోతే సాయంత్రం వస్తాను. నా ఇంట్లో నేను కాక ఉన్నవి బల్లులే, వాటికి నేను ఏమీ పెట్టను. ఈ చిలకలు మనిషంత కాలం బతుకుతాయట, లేదా ఇది రేపే పోవచ్చట, డాక్టరమ్మ ఏదీ చెప్పలేనంది. నా చేతిలో పోతే?"

"నా చేతిలో పోతే అని నేనూ అనుకున్నానండి. చూశారుగా, ఎవరు పోయారో."

అది ఆయన చెప్పిన తీరుకు నేను నవ్వకుండా ఉండలేకపోతాను. ఆయన నా సంచిలోంచి ఒక ముక్క తీసి నా కుడి చేతిలో పెడతారు.

"ఎలా పెడుతున్నారు దీన్ని? చూపించండి."

పంజరం ఇప్పుడు మా ముందు ఉంది, ఇసుకలో, గ్రిల్ పక్కన. చిలక లోపల ఉంది. నేను రోజూ చేసినట్టే చేసి చూపిస్తాను, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ముక్క కమ్మీల మధ్య పెట్టి, దాని కళ్లలోకి చూస్తూ, తిను నాన్నా, కొంచెం తిను, ఒక్కసారి, ఎందుకు తినవు, నిన్న కూడా తినలేదు కదా, డాక్టరమ్మ ఏం చెప్పింది. చిలక అవతలి మూలకు జరిగి మెడ పక్కకు తిప్పుతుంది.

భూషణం గారు తల పట్టుకుంటారు. "మీరు దాన్ని ఇంటర్వ్యూ చేస్తున్నారండి."

"నేనా?"

"ఎందుకు తినవు, నిన్న ఎందుకు తినలేదు. ఎదురుగా కూర్చుని, కళ్లార్పకుండా. ఇన్నేళ్ల సర్వీసులో ఇలా అడిగితే ఎవరైనా చెప్పారా మీకు? కలెక్టరాఫీసులో అటెండరు కూడా చెప్పడు. పెన్ను జేబులో పెట్టండి."

"పెన్ను లేదు నా చేతిలో."

"కళ్లు ఉన్నాయి కదండి. అవి అటు పెట్టుకోండి."

ఆయన సముద్రం వైపు చూపిస్తారు. నేను స్టూలు తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి, కమ్మీల దగ్గర వదిలి, సముద్రం వైపు చూస్తాను. ఆయనా పక్కన కూర్చుని అటే చూస్తారు. పడవలు రావడం లేదు, పోవడం లేదు. దూరంగా ఎస్టీడీ బూత్ ఇంకా జరుగుతూనే ఉంది, అందులో ఎవరో కరెంటు కోతలు చదువుతున్నారు.

"నా వార్తలో తప్పుందండి," అంటారు ఆయన కొంతసేపయ్యాక.

"ఏ తప్పు?"

"చివరి వాక్యం. ఎవరు పోయినా చివర ఏం రాస్తాం? ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు అని రాస్తాం. నాకు మీరేం రాశారు? భూషణం అవివాహితుడు. అక్కడితో ఆపేశారు. నాకెవరూ లేనట్టు."

"నేను రాశాను. ఆయనకు ఒక చిలక ఉంది అని రాశాను. డెస్కులో కోసేశారు."

"రిపోర్టర్లు అందరూ చెప్పే మాటే అది."

"నిజంగా రాశాను భూషణం గారూ. అడిగితే, చిలక బంధువుల్లోకి రాదు మేడమ్ అన్నాడు ఆ సబ్ ఎడిటర్."

"వాడెవడండి?"

"కొత్తవాడు."

"బాగుపడడు," అంటారు ఆయన, కోపం లేకుండా. ఆ తర్వాత అడుగుతారు, "ఎలా రాశారు? ఇంకోసారి చెప్పండి."

"ఆయనకు ఒక చిలక ఉంది."

ఆయన ఆ వాక్యాన్ని పెదాలు కదుపుతూ ఒకసారి చదువుకుంటారు. ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. జబ్బు పడక ముందు ఎలా ఉన్నారో అలా ఉన్నారు, గడ్డం గీసుకుని, జుట్టుకు నూనె రాసుకుని.

"చక్కటి చిలక అని రాయలేదు కదా?"

"లేదు. చిలక అనే రాశాను."

"మంచిపని చేశారు," అంటారు. "వాక్యం బాగుంది. కానీ ఇప్పుడు అది పనికి రాదండి. నేను పోయాను కదా. నాకు ఉంది అని ఎలా వేస్తారు? ఎవరికి ఉందో చూసుకుని సవరణ వేసుకోండి."

ఆయన లేస్తారు. ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకుంటారు. ఎక్కడికి అని అడగబోతాను, అడిగితే చెప్పరని తెలుసు, పెద్ద వార్త ఉన్న రోజున ఆయన ఎప్పుడూ ఇలాగే లేచేవారు. బూత్ తలుపు తెరిచి ఉంది. ఆయన అటు నడుస్తున్నారు, అలలు కాళ్ల మీదుగా పోతున్నాయి, నేను వెనక్కి తిరిగి చూడటం లేదు, చూడొద్దని చెప్పారు కదా, చెయ్యి కమ్మీల దగ్గర అలాగే ఉంచి, సముద్రాన్నీ ఆయన్నీ మాత్రమే చూస్తున్నాను, బూత్ లోంచి హలో అని వినిపిస్తుంది, వినపడుతోందా అని వినిపిస్తుంది, ఉన్నానండి చెప్పండి అని నేను అంటాను, అంటున్నప్పుడే నా చేతిలో ముక్క ఒక్కసారి లాగినట్టు కదులుతుంది, మళ్లీ కదులుతుంది, వేళ్ల మీద ఏదో పొడి రాలుతుంది.

కళ్లు తెరిచేసరికి వరండాలో మధ్యాహ్నపు ఎండ ఉంది. పడక కుర్చీలో ఉన్నాను. తిండి పెట్టబోయి, విసిగి, అటు తిరిగి పడుకున్నానని గుర్తుకొచ్చింది, చెయ్యి కుర్చీ అంచు మీంచి వేలాడుతూ పంజరం కమ్మీలకు ఆని ఉంది. చేతిలో సముద్రపు నురుగు ముక్క ఉంది. పడుకునే ముందు దాని అంచు నున్నగా ఉంది. ఇప్పుడు బిస్కెట్ కొరికినట్టు గాట్లు ఉన్నాయి. నా వేళ్ల మీద తెల్లపొడి, పంజరం అడుగున తెల్లపొడి, చిలక నల్ల ముక్కు కొన మీద తెల్లపొడి. తాసిల్దారు మెడ పక్కకు తిప్పి నన్ను చూస్తోంది. నేను చూపు గ్రిల్ వైపు తిప్పుకున్నాను.

ఫోన్ మోగింది. కిరీటి.

"బయల్దేరమంటారా అండి? బండి తెచ్చేశాను."

"వద్దు బాబూ," అన్నాను. "చిలక నాకు ఉంది. ఇక్కడే ఉంటుంది."

అవతల కిరీటి ఏదో అడుగుతున్నాడు. నా వెనక కమ్మీల మీద ముక్కు గీరిన చప్పుడు అయింది, మళ్లీ కొరుకుతోంది, తర్వాత అది ఆగి, గొంతు సవరించుకుంది.

"రాసుకోండి," అంది.